మొక్కలు నాటే షాట్ లేని డాక్యుమెంటరీ

పర్యావరణం మీద డాక్యుమెంటరీ తీస్తున్నానని చెప్పగానే ఎదుటివాళ్లు ముందు అడిగేది ఒకటే, మొక్కలు ఎప్పుడు నాటుతున్నారు, ఆ రోజు కెమెరా పట్టుకెళ్తే సరిపోతుంది కదా అని. ఆ రోజు సీను నిజంగానే బాగుంటుంది. పిల్లలు, బురద అంటిన చేతులు, లేత మొక్కలు, వెనకాల నీళ్లు, పైన డ్రోన్. కెమెరా ఎటు పెట్టినా ఫ్రేము నిండుగా వస్తుంది. మేం తీసిన సినిమాలో మాత్రం ఆ షాట్ లేదు, కావాలనే పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో, దాని బదులు ఏం చూపించామో, చూసినవాళ్లు ఆ తర్వాత ఏం చేశారో రాస్తే ఇలాంటి పని తలపెట్టినవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నది సముద్రంలో కలిసేచోట పాడైపోయిన మడ అడవిని, అంటే ఉప్పునీటి బురదలో పెరిగే చెట్ల అడవిని, మళ్లీ బతికించాలని పనిచేస్తున్న ఒక చిన్న బృందం నన్ను పిలిచింది. వాళ్లకు అవార్డులొచ్చే సినిమా అక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, పాత రొయ్యల చెరువుల గట్లు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లు, ఫైలు మీద సంతకం పెట్టాల్సిన అధికారులు, వీళ్లందరూ జరగబోయే పనిని ఒకేలా అర్థం చేసుకోవాలి, అంతే వాళ్ల కోరిక. నోటితో చెప్తుంటే ఎవరికి వాళ్లు ఏదో ఊహించుకుంటున్నారట. ఒకాయన అక్కడ పార్కు కడతారనుకున్నాడు, ఇంకొకాయన తన గట్టు ప్రభుత్వం లాక్కుంటుందనుకున్నాడు.

కెమెరా తియ్యకముందు ఆ చచ్చిపోయిన మేరంతా వాళ్లతో కలిసి నడిచాను. నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది, కాలు వేస్తే పైపొర పెళుసుగా విరుగుతోంది, దాని కింద బురద నల్లగా, కుళ్లిన గుడ్ల కంపు కొడుతూ ఉంది. అక్కడక్కడా తెల్లమడ అనే రకం మడ చెట్ల మోళ్లు. గట్టుకు అవతల, పోటు నీళ్లు వచ్చిపోయే చోట, అదే తెల్లమడ పచ్చగా ఉంది. దాని చుట్టూ బురదలోంచి వేలెడంత ఊపిరి వేళ్లు వందల్లో నిక్కి ఉన్నాయి. ఒకే నేల, ఒకే ఎండ, మధ్యలో ఒక మట్టిగట్టు. సినిమా కథ మొత్తం ఆ గట్టు దగ్గరే ఉందని నాకు అక్కడే అనిపించింది.

విషయం ఏంటంటే, చెరువు కోసం గట్టు వేసినా, రోడ్డు వేసినా, పాయ నోరు పూడిపోయినా, లోపలికి వచ్చిన పోటు నీళ్లు ఆటుకు తిరిగి వెళ్లలేవు. నిలిచిన నీళ్లు ఎండకు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది, మళ్లీ ఓ పెద్ద పోటుకు కాసిని నీళ్లు, మళ్లీ ఉప్పు. ఉప్పునీళ్లలో బతికే చెట్టుకైనా ఓ హద్దుంటుంది. ఆ హద్దు దాటిన నేలలో మొక్క నాటితే అది చచ్చిపోతుంది. కాబట్టి అసలు పని నీళ్లకు దారి ఇవ్వడం. గట్టుకు గండి కొట్టి, ఒక పెద్ద కాలువ తవ్వి, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు తవ్వుతారు, పైనుంచి చూస్తే చేపముల్లులా కనిపిస్తుంది. పోటు నీళ్లు లోపలికి వస్తాయి, ఆటుకు వెళ్లిపోతాయి, వెళ్తూ వెళ్తూ ఉప్పును కడుక్కుపోతాయి. దగ్గర్లో బతికున్న చెట్లుంటే వాటి కాయలు నీళ్ల మీద తేలుకుంటూ వచ్చి వాటంతటవే నాటుకుంటాయి. చాలా మడ జాతుల్లో గింజ ఇంకా చెట్టు మీద ఉండగానే మొలక మొదలవుతుంది, అందుకని అనువైన బురద తగిలితే త్వరగా వేరు పట్టేస్తుంది.

ఇక దీన్ని సినిమాగా ఆలోచించండి. హీరో ఒక కాలువ. మొదట్లో చాలాకాలం కంటికి కనిపించే మార్పేమీ ఉండదు. డబ్బు సాయం చేస్తామని ముందుకొచ్చిన ఒక సంస్థ, నాటే కార్యక్రమం ఒకటి పెట్టి అది కచ్చితంగా సినిమాలో చూపించాలంది. నాటడం తప్పని నేననను, విత్తనం వచ్చే దారే లేని చోట, నీళ్లు సరిచేశాక, ఆ నేలకు సరిపడే జాతిని నాటాల్సిందే. కానీ ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాలపాటు భారీ ఎత్తున మడ మొక్కలు నాటారు, 2008లో వచ్చిన ఒక సమీక్ష చూస్తే చాలాచోట్ల దీర్ఘకాలంలో బతికి ఉన్నవి 10 నుంచి 20 శాతమే. తేలిగ్గా దొరికే జాతిని తెచ్చి, అది పెరగని చోట, మరీ ఎక్కువసేపు నీళ్లలో మునిగుండే బురద మేటల్లో, సముద్రపు గడ్డి పెరిగే చోట్ల నాటేశారు. అక్కడ ప్రతి నాటు రోజునా ఫొటోలు బాగానే వచ్చుంటాయి కదా. చూసినవాళ్ల మనసులో 'మడ అడవిని బాగుచెయ్యడం అంటే మొక్క నాటడం' అని మా సినిమా కూడా ముద్ర వేస్తే, రేపు గట్టుకు గండి కొట్టమని అడిగినప్పుడు అదెందుకు అంటారు. బృందంలోనే దీనిమీద గట్టిగా వాదనలు జరిగాయి. చివరికి ఆ డబ్బు వద్దనుకున్నాం, ఉన్నంతలో తీద్దామనుకున్నాం.

బృందంతో మాట్లాడేటప్పుడు నేను ఆఫ్రికాలోని నైజర్ దేశం సంగతి చెప్పేదాన్ని. 1983 ప్రాంతంలో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు అక్కడి రైతులతో కలిసి మొదలుపెట్టిన పద్ధతిలో కొత్తగా నాటడం లేదు. పొలాల్లో ఎప్పుడో నరికేసిన చెట్ల వేళ్లు భూమిలో బతికే ఉన్నాయి, వాటి నుంచి వచ్చే చిగుళ్లలో గట్టివి ఉంచి మిగతావి కత్తిరించి, ఉంచినవాటిని పశువుల నోట పడకుండా కాపాడటం, అంతే. అలా దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయి. నాటడానికి ముందు, అక్కడ అడ్డుగా ఉన్నదేంటో చూసి తీసెయ్యాలి అన్నది చాలాచోట్ల పనిచేసే సూత్రం, ఏ నేల అయినా సరే.

సరే, నెమ్మదిగా జరిగేదాన్ని తెర మీద చూపించడం ఎలా? టైమ్‌ల్యాప్స్ తప్ప మార్గం లేదు, అంటే ఒకే చోటి నుంచి చాలాకాలం ఫొటోలు తీసి వరసగా పేర్చి చూపించడం. కానీ ఆటుపోట్లున్న చోట టైమ్‌ల్యాప్స్ అంటే వేరే లెక్క. మామూలుగా రోజూ ఒకే టైముకు ఫొటో పడేలా కెమెరా సెట్ చేస్తాం. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతూ పోతుంది కాబట్టి, గడియారం ప్రకారం తీస్తే ఒకరోజు ఫ్రేము నిండా నీళ్లు, కొన్ని రోజులకు ఉత్త బురద, వరసగా పేర్చి చూస్తే కళ్లు తిరుగుతాయి, మార్పేదీ తెలియదు. అందుకని పోటు పట్టిక ముందు పెట్టుకుని, అమావాస్య పున్నమిల దగ్గర వచ్చే పెద్ద పోట్ల రోజుల్లో, నీళ్లు పూర్తిగా తీసిన వేళకే ఫొటో తీశాం. కెమెరాను అక్కడ వదిలెయ్యలేదు. పెద్ద పోటుకు కూడా మునగనంత ఎత్తుండే గుంజలు పాతి, తల మీద కెమెరా బిగించే ప్లేటు పెట్టి, లెన్సు ఏది, ఎటు తిప్పాలి అన్నది రాసిపెట్టుకున్నాం. ఎవరు వెళ్లినా అదే ఫ్రేము రావాలి. నేను లేనప్పుడు బృందంలోని కుర్రాళ్లే తీశారు, నాకన్నా శ్రద్ధగా.

ఈ విషయంలో నాకు దారి చూపిన పని జాన్ డి. లియు అనే డాక్యుమెంటరీ దర్శకుడిది. చైనాలో లోయెస్ పీఠభూమిని బాగుచేసే పని మొదలైన కొత్తల్లో, 1995లో ఆయన కెమెరాతో అక్కడికి వెళ్లి, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అదే కొండల దగ్గరికి వెళ్లి తీశారు. బోడి కొండ, అదే కొండ పచ్చగా, ఈ రెండూ పక్కపక్కన పెడితే వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. అక్కడ మెట్లపొలాలు కట్టడం, ఏటవాలు నేలల మీద సాగు ఆపడం, మేకల్ని విచ్చలవిడిగా మేపడం మీద నిషేధం, ఇలాంటివన్నీ కలిసి పనిచేశాయి. అయితే కథ అంతటితో అయిపోలేదు. ఆ పీఠభూమిలో పెరిగిన పచ్చదనం అక్కడి నీళ్లు భరించగల హద్దు దాకా వచ్చేస్తోందని 2016లో శాస్త్రవేత్తలు చెప్పారు. పచ్చగా మారిన ఫ్రేము దగ్గర సినిమా ఆపెయ్యకూడదని నాకు గట్టిగా అనిపించింది అందుకే.

సౌండ్ గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది పట్టించుకోరు. నీళ్లు తీసినప్పుడు బతికున్న వైపు పాయ ఒడ్డున మైకు పెడితే ఆగకుండా చిటపటలు వినిపిస్తాయి, బురదలోనూ నీళ్లలోనూ ఉండే చిన్న రొయ్యలు పట్టకారు లాంటి ముందుకాళ్లను టప్పున మూసే చప్పుడు, పీతలు బొరియల్లోంచి జరిగే చప్పుడు, బుడగలు పేలడం. గట్టుకు ఇవతల అదే మైకుకు గాలి తప్ప ఏమీ వినపడలేదు. సినిమాలో ఈ రెండింటినీ ఒకదాని వెంట ఒకటి పెట్టి, తెరను కాసేపు నల్లగా వదిలేశాం. చూసినవాళ్లలో చాలామంది తర్వాత మాట్లాడింది ఆ చోటు గురించే.

ఉపగ్రహ చిత్రాలు ఇంకో పెద్ద సాయం. అమెరికా ఉపగ్రహాల వరస లాండ్‌శాట్ 1972 నుంచి భూమిని ఫొటోలు తీస్తోంది, 2008 నుంచి ఆ పాత చిత్రాలన్నీ ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఇటీవలి మార్పులకైతే యూరప్ ఉపగ్రహాలు సెంటినెల్-2 చిత్రాల్లో 10 మీటర్ల మేర ఒక చుక్కగా కనిపిస్తుంది, ఇంకాస్త స్పష్టం. కాకపోతే ఇక్కడ కూడా పోటు మోసం చేస్తుంది. నీళ్లు నిండుగా ఉన్న రోజు చిత్రంలో అడవి అంచులు మునిగి చిన్నగా కనిపిస్తాయి, నీళ్లు తీసిన రోజు పెద్దగా. రెండు చిత్రాలు పక్కన పెట్టి 'ఇంత నాశనమైంది' అనేముందు, రెండూ ఒకే రుతువులో, ఇంచుమించు ఒకే నీటిమట్టం దగ్గర తీసినవేనా అని చూసుకోవాలి. లేకపోతే తెలిసినవాడు ఎవడో ఒకడు లేచి ఒక్క ప్రశ్న అడిగితే మొత్తం సినిమా మీద నమ్మకం పోతుంది.

ఆ పాత చిత్రాలను ల్యాప్‌టాప్‌లో పెట్టి చేపల వేటకు వెళ్లే ఒక తాతకు చూపించాం. ఆయన కళ్లు చికిలించి చూసి, తెర మీద వేలు పెట్టి, సన్నటి నల్లటి గీత వెంబడి నెమ్మదిగా జరిపి, 'ఇది మా పాయే కదమ్మా, ఇక్కడ రెండుగా చీలేది, ఈ చీలిక దగ్గరే వల వేసేవాళ్లం' అన్నారు. తర్వాతి చిత్రం పెట్టాను, గీత సగంలో ఆగిపోయింది. ఆయన ఇంకేం అడగలేదు, 'ఇదిగో, గట్టు పడింది ఇక్కడ' అని అదే చోట వేలితో టక్కున కొట్టారు. మ్యాపులో మేం గుర్తుపట్టలేకపోయిన పాత చీలిక ఎక్కడుందో ఆయన వేలు చెప్పింది. కాలువ ఎటు తవ్వాలో తేల్చుకోవడానికి బృందం తర్వాత ఆ చోటికి వెళ్లి తవ్వి చూస్తే, కింద పాత పాయ ఒండ్రు బయటపడింది. ఆ సీను ఎలాంటి కట్ లేకుండా ఉన్నదున్నట్టు పెట్టాం.

ఎడిటింగ్‌లో అసలు టెన్షన్ వాతావరణ మార్పుల గురించి ఎంత చెప్పాలి, ఎలా చెప్పాలి అన్న దగ్గర. బృందంలో కొందరు తుఫాను దృశ్యాలతో మొదలుపెడదాం, జనం భయపడాలి అన్నారు. 2009లో సఫ్రన్ ఓనీల్, సోఫీ నికల్సన్-కోల్ అనే ఇద్దరు పరిశోధకులు దీనిమీదే పరిశోధన చేశారు. భయపెట్టే బొమ్మలు చూపు లాగుతాయి గానీ, నేనేదైనా చెయ్యగలను అనే భావాన్ని మనిషిలో కలిగించలేవని, తన రోజువారీ జీవితానికి దగ్గరగా ఉన్నవే కదిలిస్తాయని వాళ్లు తేల్చారు. మేం తుఫానుతో మొదలుపెట్టలేదు, చేప ఎందుకు తగ్గింది అన్న మాటతో మొదలుపెట్టాం, ఎందుకంటే ఆ ఊళ్లవాళ్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది దాని గురించే. మడ వేళ్ల మధ్య చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరుగుతాయని వాళ్లకు మేం చెప్పక్కర్లేదు. దాని వెనకే కర్బనం సంగతి వచ్చింది. మడ అడవి దాచుకునే కర్బనంలో ఎక్కువ భాగం చెట్టులో కన్నా కింది బురదలో ఉంటుంది, నీళ్లతో తడిసి గాలి ఆడని చోట అది కుళ్లకుండా శతాబ్దాల తరబడి ఉండగలదు, ఆ బురదను ఎండబెట్టి తవ్వితే బొగ్గుపులుసు వాయువుగా బయటికి వచ్చేస్తుంది. ఒక్క నిమిషంలో ఇంత చెప్పాం, ఇంతకన్నా ఎక్కువ చెప్పి ఉంటే వినేవాళ్లు కాదనే నా అభిప్రాయం.

ఒక వాక్యం మీద నేను అస్సలు తగ్గలేదు. 'మడ అడవి ఉంటే ఉప్పెన మన జోలికి రాదు' అని ఒకరు ఎంతో నమ్మకంగా కెమెరా ముందు చెప్పారు, వినడానికి అద్భుతంగా ఉంది, తీసేశాం. ఇప్పటిదాకా జరిగిన పరిశీలనల ప్రకారం 100 మీటర్ల మడ అడవి అలల ఎత్తును 13 నుంచి 66 శాతం దాకా తగ్గించగలదు. తుఫాను ఉప్పెన విషయంలో మాత్రం కిలోమీటరు వెడల్పు అడవికి తగ్గేది 5 నుంచి 50 సెంటీమీటర్లు. అది మంచి సాయమే, ఇళ్లు మునగడానికీ మునగకపోవడానికీ మధ్య తేడా కూడా కావచ్చు, కానీ ఆ మాట నమ్ముకుని ఎవరైనా హెచ్చరిక వచ్చినా ఇల్లు వదలకుండా కూర్చుంటే ఆ పాపం సినిమాదే అవుతుంది.

రఫ్ కట్, అంటే తొలి ఎడిట్, అవగానే, మ్యూజిక్ లేకుండా, కొన్ని చోట్ల నల్ల తెర మీద 'ఇక్కడ ఇంకా మాట్లాడాలి' అని రాసి, ముందు సినిమాలో ఉన్నవాళ్లకే చూపించాం. ఈ పద్ధతి కెనడాలోని ఫోగో ద్వీపం నుంచి తీసుకున్నది. 1967లో కాలిన్ లో అనే దర్శకుడు అక్కడి జాలర్లను చిత్రీకరించి, ఆ చిన్న చిన్న సినిమాలను వాళ్లకే చూపించి చర్చ పెట్టించారు, తర్వాత వాటిని ప్రభుత్వంలోని వాళ్లకు చూపించారు. ద్వీపం ఖాళీ చేయించాలన్న ఆలోచన నడుస్తున్న రోజుల్లో వాళ్లు అక్కడే ఉండి చేపల సహకార సంఘం పెట్టుకోవడానికి అది తోడ్పడింది. ఇప్పుడు ఫోన్లో ప్రతివాళ్లూ వీడియో తీస్తున్నారు గానీ, తీసినదాన్ని ముందు వాళ్లకే చూపించి వాళ్ల మాట వినే ఓపిక మాత్రం తక్కువే కనిపిస్తుంది.

ఆ చూపించిన రోజు బాగా గోల జరిగింది. గోల జరగాలనే చూపించాం కూడా. ఒకావిడ లేచి, 'మూడేళ్లు ఇటువైపు గొడ్లను తోలొద్దంటున్నారు, ఆ మూడేళ్లు అవి ఏం తింటాయో కూడా సినిమాలో చెప్పమ్మా' అంది. లేత తెల్లమడ గేదెలకు ఇష్టం, కొత్తగా మొలిచినవి మేసేస్తే పనంతా వృథా, అందుకే మేపు ఆపడం తప్పదు, కానీ ఆవిడ అడిగిన దానికి జవాబు అప్పటికి బృందం దగ్గర లేదు. ఆవిడ ఆ మాటను మళ్లీ కెమెరా ముందు చెప్పింది, అది సినిమా మధ్యలో ఉంటుంది, జవాబు లేకుండానే. గట్టున్న ఒకాయన, కౌలు ఇంకా మిగిలుందని, నష్టం ఎవరిస్తారని అడిగాడు, అదీ పెట్టాం. ఇంకొకాయన, తన మాటలు చూసుకున్నాక ఇవి బయటికి వెళ్తే మా అన్నదమ్ముల్లో గొడవవుతుంది తీసెయ్యండి అన్నాడు. అది మంచి క్లిప్, అయినా వెంటనే తీసేశాం. సంతకం పెట్టించుకున్న కాగితం మన దగ్గర ఉన్నంత మాత్రాన మనిషి వద్దన్నాక వాడుకునే హక్కు మనకు ఉందని నేననుకోను.

చివరికి ఒకే ఫుటేజ్‌తో మూడు సినిమాలు చేశాం. ఊళ్లలో చూపించేది అరగంట లోపు, సాయంత్రం ప్రొజెక్టర్‌తో, చివర్లో చర్చకు కచ్చితంగా టైము ఉంచి. అధికారులకు ఎనిమిది నిమిషాలది, అందులో మ్యాపు, గండి ఎక్కడ కొట్టాలి, ఏ శాఖ అనుమతి కావాలి, ఆవిడ గొడ్ల ప్రశ్న, ఇవే. 2030 నాటికి పాడైన జీవావరణాల్లో కనీసం 30 శాతం పునరుద్ధరణ కిందికి తేవాలని 2022 డిసెంబర్‌లో కున్‌మింగ్-మాంట్రియల్ జీవవైవిధ్య ఒప్పందంలో దేశాలు రాసుకున్నాయి, 2021 నుంచి 2030 దాకా దశాబ్దాన్ని ఐక్యరాజ్యసమితి ఈ పనికే కేటాయించింది, ఆ రెండు వాక్యాలు అధికారుల వెర్షన్‌లో మాత్రం పెట్టాం, ఫైలులో రాసుకోవడానికి వాళ్లకు అలాంటివి కావాలి. మూడోది ఫోన్లకు, నిమిషం నిడివిది, నిలువుగా. అన్నిటికన్నా ఎక్కువమంది చూసింది అదే, దానివల్ల కదిలిన పని మాత్రం దాదాపు ఏమీ లేదు. వ్యూస్ చూసి సంబరపడేవాళ్లకు ఇది చెప్పాలనిపిస్తుంది. పని కదిలింది ప్రొజెక్టర్ ముందు, పక్కపక్కన కూర్చుని చూసి, లైట్లు వేశాక ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకున్నప్పుడు.

ప్రతి స్క్రీనింగ్‌లో ఒక్కటే కోరాం. ఊళ్లో అయితే ఈ గట్టుకు ఈ చోట గండి కొట్టడానికి మీకు అభ్యంతరం ఉందా లేదా, ఉంటే ఏంటి. ఆఫీసులో అయితే కాలువల పూడిక తీసే పనిని ఏటా చేసే పనుల జాబితాలో రాస్తారా లేదా. 'ప్రకృతిని కాపాడుకుందాం' లాంటి మాట ఎక్కడా అనలేదు, దానికి అందరూ తలూపుతారు, తలూపి ఇంటికెళ్తారు. కౌలు సంగతి అడిగినాయన మొదటి స్క్రీనింగ్‌లో వద్దన్నాడు, ఇంకో ఊళ్లో జరిగిన దానికి తనే వచ్చాడు, కౌలు గడువు అయ్యాక తన వైపు గట్టుకు గండి కొట్టుకోవచ్చని అక్కడ అందరి ముందూ చెప్పాడు. గొడ్ల ప్రశ్నకు పశుగ్రాసం పెంచడానికి కాస్త భూమి చూపిస్తామని మాట వచ్చింది, ఇంకా కాగితం మీదకు రాలేదు, బృందం వెంటపడుతోంది. పూడిక తీసే పని మాత్రం జాబితాకు ఎక్కింది, ఎక్కాల్సిందే కూడా, ఎందుకంటే ఆ సన్న కాలువలు ఒండ్రుతో మళ్లీ పూడతాయి, పూడితే మళ్లీ ఉప్పే.

గుంజలు ఇంకా అక్కడే ఉన్నాయి, కుర్రాళ్లు ఫొటోలు తీస్తూనే ఉన్నారు, కాబట్టి సినిమా చివరి రెండు నిమిషాలను ఏడాదికోసారి మార్చాలని పెట్టుకున్నాం, మొక్కలు వచ్చిన చోటా రాని చోటా రెండూ కనిపించేలా. ఇంకో తీరంలో ఇదే పని చేస్తున్నవాళ్లు కొందరు సినిమా అడిగారు. వాళ్లకు వాయిస్ ఓవర్ లేని కాపీ ఇస్తున్నాం, సౌండ్ ట్రాకులు విడివిడిగా, మ్యాపు వచ్చే చోట ఖాళీ వదిలి. వాళ్ల పాయ మ్యాపు, వాళ్ల ఊరి గొంతు, వాళ్లను అడిగే ఆ ఒక్క ప్రశ్న వాళ్లు పెట్టుకోవాలి.